పాతవాళ్ళు, కొత్తవాళ్ళు: తరగతి గదిలో చిన్నచూపు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: ఈ ఏడాది మా బడిలో మరో బడిని కలిపేశారు. నా ఎనిమిదో తరగతిలో ఇప్పుడు 41 మంది ఉన్నారు. వారిలో 25 మంది మొదటి నుంచీ ఇక్కడ చదివినవాళ్ళు, 16 మంది ఆ బడి నుంచి వచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళ మాటతీరు వేరు, ఇళ్ళల్లో స్తోమత కాస్త తక్కువ. విడివిడిగా చూస్తే అందరూ మంచి పిల్లలే. గుంపులో చేరారంటే మాత్రం పాతవాళ్ళు కొత్తవాళ్ళను పేర్లు పెట్టి వెక్కిరిస్తారు, బల్ల మీద చోటివ్వరు, వాళ్ళు ముట్టుకున్న పుస్తకం తీసుకోరు. కలుస్తారు కదా అని పాత, కొత్త జట్లుగా ఆటల పోటీ పెట్టాం. ఆ తర్వాత ఇంకా ముదిరింది. సమానత్వం మీద పీరియడ్ అంతా మాట్లాడాను. బుద్ధిగా విన్నారు, మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. ఒక తల్లి వచ్చి "మా అమ్మాయిని వాళ్ళ పక్కన కూర్చోబెట్టకండి" అన్నారు. పిల్లలు దీన్ని ఇంటి నుంచి తెచ్చుకున్నారా, బడిలోనే నేర్చుకున్నారా? తిట్టాలా, బోధించాలా, వాళ్ళే సర్దుకుంటారని వదిలేయాలా? మా హెడ్మాస్టరు గారు అందరి చేతా ఒక ప్రశ్నావళి నింపిద్దాం అంటున్నారు.
— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం:

టీచర్ గారూ, వదిలేయకండి. మిగతా విషయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

"విడివిడిగా మంచివాళ్ళే, గుంపులో మారిపోతారు" అని రాశారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. ఎవరిని చిన్నచూపు చూసినా ఫర్వాలేదో పిల్లలకు ఇల్లూ చుట్టుపక్కల సమాజమూ నేర్పుతాయి. ఆ చూపును ఏ చోట, ఎవరి ముందు బయటపెట్టవచ్చో అప్పటి పరిస్థితి చెబుతుంది. మొదటిది మీ చేతిలో పెద్దగా లేదు. రెండోది చాలావరకు మీ చేతిలోనే ఉంది.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల మీద మైనార్డ్ అనే పరిశోధకుడు 1952లో రాసిన వ్యాసం ఈ విషయాన్ని బాగా పట్టిస్తుంది. గని లోపల నల్లజాతి, తెల్లజాతి కార్మికులు పక్కపక్కన పనిచేసేవాళ్ళు, ఒకరి ప్రాణానికి ఒకరు కాపలా. సాయంత్రం పైకి వచ్చాక మళ్ళీ ఎవరి దారి వారిది. ఆయన అంచనా ప్రకారం తెల్లజాతి కార్మికుల్లో సుమారు 20 శాతం మంది లోపలా బయటా స్నేహంగానే ఉండేవాళ్ళు, మరో 20 శాతం మంది రెండు చోట్లా దూరం పాటించేవాళ్ళు. మిగిలిన 60 శాతం మంది గనిలో ఒక రకంగా, పైన మరో రకంగా నడుచుకునేవాళ్ళు. మనుషులు వాళ్ళే. కింద ఒక కట్టుబాటు, పైన ఇంకొకటి.

మీ తరగతిలోనూ ఇలా చోటును బట్టి మారేవాళ్ళే ఎక్కువమంది ఉంటారు. సాధారణంగా టీచర్ల శ్రమంతా వెక్కిరింతలో ముందుండే ఇద్దరు ముగ్గురిని మార్చడానికే ఖర్చయిపోతుంది. మీ గురి మధ్యలో ఉన్నవాళ్ళ మీద పెట్టండి. వాళ్ళు నవ్వడం మానేస్తే ముందున్నవాళ్ళకు ప్రేక్షకులు ఉండరు.

ఇంటి నుంచి వచ్చేదాని సంగతి. 2002లో క్రాండల్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 105 రకాల మనుషుల జాబితా తయారుచేశారు. "వీళ్ళ మీద వ్యతిరేకత ఉండటం తప్పా, ఫర్వాలేదా?" అని కొందరిని, "మీకు వీళ్ళ మీద ఎలాంటి భావం ఉంది?" అని వేరే కొందరిని అడిగారు. రెండు జాబితాలూ దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. అంటే మనుషులు తమ సొంత అభిప్రాయం అనుకునేది చాలావరకు తమ చుట్టూ చెల్లుబాటయ్యే అభిప్రాయమే. పిల్లలు దీన్ని పాఠంలా నేర్చుకోరు. పెద్దవాళ్ళు ఎవరి పేరు వినగానే మొహం చిట్లిస్తారో, ఏ జోకుకు నవ్వుతారో, ఎవరిని ఇంటికి పిలవరో చూసి పట్టేస్తారు. అందుకే "మేమెప్పుడూ అలా చెప్పలేదే" అని తల్లిదండ్రులు అనడం అబద్ధం కాకపోవచ్చు.

ఇంట్లో ఎవరూ ఏమీ నేర్పకపోయినా సరే, గుంపులు కట్టడానికి ఒక పేరు చాలు. మనస్తత్వవేత్త హెన్రీ టాజ్‌ఫెల్ 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన 14, 15 ఏళ్ళ అబ్బాయిలను అర్థంలేని కారణాలతో రెండుగా విడదీశారు: తెర మీది చుక్కలను ఎక్కువగా లెక్కగట్టారనో, ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చాయనో. తమ గుంపులో ఇంకెవరున్నారో కూడా వాళ్ళకు తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ గుంపువైపే మొగ్గారు. పైగా తమవాళ్ళకు వచ్చే మొత్తం కాస్త తగ్గినా సరే, అవతలివాళ్ళ కంటే ఎక్కువ రావాలనే చూశారు.

మీకు ఇంతకంటే దగ్గరగా పనికొచ్చేది బిగ్లర్ బృందం 1997లో ప్రచురించిన పరిశోధన. చిన్నపిల్లలకు నీలం, పసుపు చొక్కాలు ఇచ్చారు. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగులను వాడుకున్నారు: రంగును బట్టి కూర్చోబెట్టడం, వరుసలు కట్టించడం, రంగు పేరుతో పిలవడం. మరికొన్నిటిలో చొక్కాలు అవే, టీచర్లు మాత్రం రంగు ఊసెత్తలేదు. తమ రంగువాళ్ళే మంచివాళ్ళన్న భావం మొదటి రకం తరగతుల్లోనే బలపడింది. పిల్లలు రంగును చూస్తూనే ఉన్నారు. దానికి విలువ తెచ్చిపెట్టింది టీచరు వాడకం.

కాబట్టి మొదట మీ హాజరుపట్టీ తీసి చూడండి. కొత్తగా చేరినవాళ్ళ పేర్లు అడుగున చేర్చి ఉంటారు కనుక 1 నుంచి 25 దాకా పాతవాళ్ళు, 26 నుంచి 41 దాకా కొత్తవాళ్ళు అయి ఉండవచ్చు. అలా ఉంటే రోజూ పొద్దున్నే మీ గొంతుతోనే గీత గీస్తున్నట్టు. పరీక్షలో కూర్చోబెట్టేది, ల్యాబ్‌లో జట్లు కట్టేది, నోటుపుస్తకాలు దొంతర పెట్టేది అన్నీ ఆ నంబర్ల ప్రకారమే కదా. హెడ్మాస్టరు గారిని అడిగి అక్షరక్రమంలో నంబర్లు మళ్ళీ వేయించండి. రికార్డులో మార్చడం కుదరకపోతే తరగతిలో పిలవడానికి వేరే జాబితా రాసుకోండి. "కొత్త పిల్లలు", "ఆ బడివాళ్ళు" అనే మాటలు స్టాఫ్‌రూమ్‌లో కూడా ఆపేయాలి. పాత బడి యూనిఫాం ఇంకా కొందరు వేసుకొస్తుంటే, కొత్తవి అందేదాకా ఎవరి బట్టల మీదా ఎవరూ వ్యాఖ్య చేయకుండా చూడండి. అయితే తేడాల గురించి నోరెత్తకూడదన్న నిషేధం మాత్రం వద్దు. ఒక పిల్ల తన ఇంటి మాట గురించి తానే చెబితే ఇష్టంగా వినాలి. తేడాను కప్పిపెట్టడం వేరు, తేడాను బట్టి పనులు పంచకపోవడం వేరు.

ఇక ఆటల పోటీ. ఉద్దేశం మంచిదే గానీ, చేసింది నిప్పుకు గాలి విసరడమే. 1954 వేసవిలో అమెరికాలోని ఒక్లహోమాలో ముజఫర్ షెరిఫ్ బృందం సుమారు 11 ఏళ్ళ అబ్బాయిలు 22 మందిని శిబిరానికి తీసుకెళ్ళి రెండు జట్లుగా చేసింది. అందరూ ఒకే తరహా కుటుంబాలవాళ్ళు, ముందు ఒకరికొకరు తెలియనివాళ్ళు. బహుమతులు పెట్టి పోటీలు మొదలుపెట్టగానే తిట్లు, జెండాలు తగలబెట్టడం, ఒకరి గదుల మీద ఒకరు పడి చిందరవందర చేయడం. తర్వాత ఊరికే కలిపి కూర్చోబెట్టారు: కలిసి భోజనం, కలిసి సినిమా. ఫలితం లేదు, భోజనాల దగ్గర అన్నీ విసురుకున్నారు. చివరకు రెండు జట్లూ కలిస్తే తప్ప జరగని పనులు వరసగా పెట్టారు. నీళ్ళ సరఫరా ఆగిపోతే ఎక్కడ అడ్డుపడిందో వెతకాలి, సినిమా కోసం అందరూ డబ్బులు వేసుకోవాలి, మొరాయించిన లారీని తాడు కట్టి లాగాలి. అప్పుడు మెత్తబడ్డారు. ఒక్క పనితో మాత్రం కాలేదు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టాల్సి వచ్చింది.

దీనర్థం ఆటలు చెడ్డవని కాదు. గీత ఎక్కడ గీశారన్నదే ప్రశ్న. ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ లీగ్ నడిపి మాట్ లోవ్ చేసిన పరిశోధన 2021లో వచ్చింది. ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్ళకు ఇతర కులాల స్నేహితులు పెరిగారు. ఎదుటి జట్టుగా తలపడిన చోట ఆ మేలు కనబడలేదు సరికదా, వ్యతిరేక ఫలితమే వచ్చింది. ఈసారి మీరు ఆడించేటప్పుడు ప్రతి జట్టులోనూ రెండు రకాలవాళ్ళూ ఉండాలి. కెప్టెన్లయిన పిల్లలనే జట్టు ఎంచుకోమనకండి. అలా ఎంచుకుంటే చివర మిగిలేది ఎవరో మీకు తెలుసు.

మనుషులు కలిసినంత మాత్రాన చాలదని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే నాలుగు షరతులు చెప్పాడు: కలిసిన చోట ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఒకటే కావాలి, దానికి పోటీ లేకుండా కలిసి పనిచేయాలి, పైవాళ్ళ మద్దతు స్పష్టంగా కనబడాలి. తర్వాత పెటిగ్రూ, ట్రాప్ 515 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2006లో ప్రచురించారు. పరిచయం పెరిగితే దురభిప్రాయం తగ్గుతుందనే చాలావాటిలో తేలింది. షరతులు పూర్తిగా కుదరకపోయినా కొంత మేలుంది, కుదిరితే మరింత. మీ బల్లల దగ్గర మొదటి షరతే తప్పింది. సిలబస్ పాతవాళ్ళకు అలవాటైనది, టీచర్లు వాళ్ళకు తెలిసినవాళ్ళు, గది వాళ్ళది.

ఈ నాలుగూ పాఠంలోనే కుదిరే పద్ధతి ఒకటుంది. మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్ దాన్ని 1971లో అమెరికాలో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టాడు. అంతకుముందు జాతుల వారీగా వేరుగా చదివిన పిల్లలను అప్పుడే కలిపారు, గొడవలు పెరిగాయి. పాఠాన్ని ముక్కలుగా కోసి తలొక ముక్క ఇస్తారు. మిగతా ముక్కలు తోటివాళ్ళ నోటి నుంచి తప్ప తెలియవు. జిగ్‌సా అనే పేరుతో ఇప్పటికీ వాడుతున్నారు.

మీ లెక్కకు ఇది చక్కగా సరిపోతుంది. ఎనిమిది జట్లు కట్టండి. ప్రతి జట్టులో వచ్చినవాళ్ళు ఇద్దరు, ఇక్కడివాళ్ళు ముగ్గురు. ఇక్కడివాళ్ళు ఒకరు మిగులుతారు, ఒక జట్టులో ఆరుగురవుతారు. ఇద్దరేసి ఎందుకంటే, ఒక్కరే ఉన్న చోట ఆ ఒక్క పిల్ల ఏం చేసినా "వాళ్ళంతా ఇంతే" అన్నట్టు చూస్తారు, ఆమెకు నోరు పెగలదు. బాగా చదివేవాళ్ళనూ వెనకబడినవాళ్ళనూ కూడా కలపండి. ప్రాణస్నేహితులు, బద్ధశత్రువులు మొదట్లో ఒకే జట్టులో వద్దు. పాఠాన్ని ఒక్కోటి అరపేజీ మించని ఐదు భాగాలు చేయండి, ఒక్కో భాగం విడిగా చదివినా అర్థం కావాలి. ఆరుగురున్న జట్టులో ఇద్దరికి ఒకే భాగం ఇవ్వండి.

45 నిమిషాల పీరియడ్లు రెండు కావాలి. మొదటిదాంట్లో 10 నిమిషాలు ఎవరి భాగం వాళ్ళు చదువుకుంటారు. తర్వాత 25 నిమిషాలు ఒకే భాగం వచ్చిన వేర్వేరు జట్లవాళ్ళు కలిసి చర్చించుకుంటారు. ఎనిమిది మంది ఒకచోట చేరితే గోల, నలుగురేసి చొప్పున విడదీయండి. ఈ మెట్టు దాటవేయవద్దు. చదువులో తడబడే పిల్ల తన జట్టు ముందు నిలబడే ముందు సాధన చేసుకునేది ఇక్కడే. రెండో పీరియడ్‌లో సొంత జట్టుకు తిరిగి వచ్చి ఒక్కొక్కరు 5 నిమిషాలు చెబుతారు. చివర 10 నిమిషాలు చిన్న పరీక్ష, అన్ని భాగాల నుంచీ ప్రశ్నలు. ఎవరి పరీక్ష వాళ్ళది, ఎవరి మార్కులు వాళ్ళవి. ఉమ్మడి మార్కులు పెట్టారంటే మార్కులు తగ్గిన రోజున నింద ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. ఇదివరకే పోటీపడ్డ గుంపులు కలిసి చేసిన పని విఫలమైతే వైరం పెరగడానికే అవకాశం ఎక్కువ. అందుకే మొదటి రెండు మూడు పాఠాలు తేలికవి ఎంచుకోండి.

మొదటి వారం బాగుండదు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు కిటికీలోంచి చూస్తారు, ఇకిలిస్తారు. ఆస్టిన్‌లోనూ ఇంగ్లిష్ తడబడే ఒక అబ్బాయిని జట్టువాళ్ళు ఎగతాళి చేశారు. అక్కడున్న సహాయకులు నీతి చెప్పలేదు. అతనికి తెలిసిన భాగం మీకు పరీక్షలో వస్తుంది, ఇలా మాట్లాడితే అది మీకు అందదు అని మాత్రం గుర్తుచేశారు. పిల్లలు ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు, ఆ అబ్బాయి చెప్పడం నేర్చుకున్నాడు. మీరూ అంతే చేయండి. దబాయించి అందరి వంతూ తానే లాక్కునే పిల్లాడుంటే, ప్రతి పాఠానికీ ఒకరిని వంతులు చూసే బాధ్యతలో పెట్టి మారుస్తూ ఉండండి. వారానికి రెండుసార్లు, కనీసం ఆరు వారాలు నడపండి. తర్వాత జట్లు కలిపి కొత్తగా కట్టండి. ఇదంతా ఐకమత్యం కోసం అని మాత్రం ప్రకటించకండి. పిల్లలకు అది పాఠం చదివే కొత్త పద్ధతి, అంతే.

తిట్టాలా, బోధించాలా అన్నారు. పీరియడ్ అంతా చెప్పే నీతి కంటే సంఘటన జరిగిన క్షణంలో చెప్పే ఒక్క వాక్యం బలమైనది. ఒకరు దురభిప్రాయాన్ని ఖండించడం చెవిన పడితే వింటున్నవాళ్ళు కూడా గట్టిగా ఖండిస్తారనీ, ఒకరు సమర్థిస్తే మెత్తబడతారనీ బ్లాంచర్డ్ బృందం 1991లో చూపించింది. అంటే వెక్కిరింత వినబడ్డాక మీరు ఊరుకున్న ప్రతిసారీ 41 మందీ దాన్ని అనుమతిగానే లెక్కేసుకుంటారు. బల్ల మీద చోటివ్వకపోతే గొంతు పెంచకుండా "ఈ తరగతిలో అలా చేయం. జరుగు, కూర్చోనీ" అనండి. అతను జరిగేదాకా అక్కడే నిలబడండి, జరిగాక పాఠంలోకి వెళ్ళిపోండి. "నువ్వు చెడ్డవాడివి" అనకండి, అలా అంటే అతను తన పరువు కాపాడుకునే పనిలో పడతాడు. వెక్కిరింతకు గురైన పిల్లను అందరి ముందూ నిలబెట్టి ఓదార్చకండి. ఆమెతో తర్వాత విడిగా మాట్లాడాలి, తప్పకుండా మాట్లాడాలి.

మీ మాట కంటే తోటివాళ్ళ మాటకు విలువెక్కువ. పాలక్, షెపర్డ్, అరోనో అనే పరిశోధకులు అమెరికాలో న్యూజెర్సీలోని 56 బడుల్లో చేసిన పెద్ద ప్రయోగం 2016లో వచ్చింది. ఎవరితో ఎక్కువసేపు గడుపుతావో పేర్లు రాయమని ప్రతి విద్యార్థినీ అడిగారు. ఎక్కువమంది ఎవరి పేర్లు రాశారో చూస్తే, ఏ పిల్లల నడవడిని మిగతావాళ్ళు గమనిస్తారో తెలుస్తుంది. అలాంటివాళ్ళు ఉన్న చిన్న బృందాలకు గొడవలు తగ్గించే పని అప్పగించారు, ఏం చేయాలో వాళ్ళనే ఆలోచించుకోమన్నారు. గొడవల మీద నమోదైన ఫిర్యాదులు ఏడాదిలో గణనీయంగా తగ్గాయి. మీరూ ఒక చీటీ మీద పేర్లు రాయించుకోండి. పైకి తేలే నలుగురైదుగురు మీరు ఊహించిన క్లాస్ లీడర్లు కాకపోవచ్చు. రెండు వైపుల నుంచీ ఉండేలా చూసి, వాళ్ళకు మంచిపిల్లల బిరుదు కాకుండా నిజమైన పని ఇవ్వండి: గోడపత్రిక, బల్లల మార్పు, ఆటల జట్లు.

మీ గురించి కూడా ఒక మాట, తప్పుగా అనుకోకండి. వర్డ్, జన్నా, కూపర్ 1974లో ఉద్యోగ ఇంటర్వ్యూల మీద చేసిన ప్రయోగంలో తెల్లజాతి ప్రశ్నకర్తలు నల్లజాతి అభ్యర్థుల ముందు కాస్త దూరంగా కూర్చున్నారు, మాటలో ఎక్కువ తడబడ్డారు, ఇంటర్వ్యూ త్వరగా ముగించారు. తర్వాత అదే దూరం, అదే తడబాటు తెల్లజాతి అభ్యర్థుల మీద కావాలని చూపించారు. వాళ్ళ జవాబులూ పేలవమయ్యాయి. లోపం అభ్యర్థిలో ఉన్నట్టు కనబడింది, పుట్టింది ఎదుటి కుర్చీలో. ఒక వారం పాటు మీ డైరీలో గీతలు పెట్టుకోండి: ఎవరిని ప్రశ్న అడిగారు, జవాబుకు ఎంతసేపు ఆగారు, ఎవరి బల్ల దాకా నడిచారు. 41 మందిలో 16 అంటే ప్రతి ఐదు ప్రశ్నల్లో రెండు వాళ్ళకు వెళ్ళాలి. మూడు సెకన్లలో జవాబు రాకపోతే వేరేవాళ్ళ వైపు తిరిగే అలవాటు ఉంటే, భయపడే పిల్లలు ఎప్పటికీ వెనకే ఉంటారు.

ఆ తల్లికి "కూర్చునే చోట్లు అందరికీ నెలకోసారి మారతాయండీ, ఏ పిల్లకూ మినహాయింపు లేదు" అని చెప్పండి. వాదించకండి, ఆమె మనసు మార్చే బాధ్యత ఆ ఐదు నిమిషాల్లో మీది కాదు. అమ్మాయికి చదువులో ఏదైనా ఇబ్బంది ఉందేమో అడగండి, ఉంటే దాన్ని చూడండి. అయితే హెడ్మాస్టరు గారితో ముందే మాట్లాడుకుని ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరికి సడలించారంటే మర్నాటికి పదిమంది వస్తారు. పైవాళ్ళ మద్దతు అన్న నాలుగో షరతు తేలేది ఇక్కడే.

ప్రశ్నావళి వద్దనే చెప్పండి. లాపియర్ అనే ఆయన ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతా తిరిగాడు. 250 దాకా హోటళ్ళకు, భోజనశాలలకు వెళితే కాదన్నది ఒక్క చోటే. తర్వాత చైనావాళ్ళను రానిస్తారా అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినవాళ్ళలో 90 శాతానికి పైగా రానివ్వమన్నారు. ఆ వ్యాసం 1934 నాటిది. మీ పిల్లలు దీనికి తలకిందులుగా కాగితం మీద "అందరూ సమానమే" అని రాసి బయటికెళ్ళి బల్ల అడ్డం పెడతారు. రాతకూ చేతకూ పొంతన ఉండదన్నది రెండు చోట్లా నిజమే. అందుకని చేత చూడండి. భోజనాల వేళ ఎవరు ఎక్కడ కూర్చున్నారో వారానికోసారి గీసుకోండి, రెండు రకాలవాళ్ళూ కలిసిన గుంపులు ఎన్నో లెక్కపెట్టండి. పిల్లలకు తెలియకుండా ఉంటే మంచిది.

ఎంత మారుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. ఇరాక్‌లో నిరాశ్రయులైన క్రైస్తవులను ముస్లింలతో కలిపి ఫుట్‌బాల్ జట్లు కట్టి సల్మా మూసా చేసిన పరిశోధన 2020లో వచ్చింది. జట్టులోని ముస్లింలతో స్నేహం పెరిగింది. మైదానం బయట ముక్కూమొహం తెలియని ముస్లింలతో నడవడి మాత్రం అంతగా మారలేదు. మీ పిల్లలూ మొదట తమ జట్టువాళ్ళనే మనవాళ్ళు అనుకుంటారు. జట్లు మారుస్తూ ఉండమన్నది అందుకే.

వీటికి ఆరు వారాలో, ఒక టర్మో పడుతుంది. ఒక్కటి మాత్రం అంత ఆగకూడదు. ఎవరినైనా కొడుతున్నా, ఒకే పిల్లను పట్టుకుని రోజూ వేధిస్తున్నా, వస్తువులు లాక్కుంటున్నా ఆ రోజే హెడ్మాస్టరు గారి దగ్గర తేదీతో రాసిపెట్టి, రెండు వైపుల తల్లిదండ్రులనూ విడివిడిగా పిలిపించండి. ఆ పిల్ల ఇంటికెళ్ళే దారిలో, మరుగుదొడ్ల దగ్గర, భోజనాల వేళ ఎవరు కనిపెట్టుకుని ఉంటారో పేర్లతో సహా ఆ సాయంత్రమే రాసుకోండి.